పక్షాఘాతంలో తొలి గడియలు: మెదడులోని గడ్డను తీసే యంత్రం పరీక్షకు నిలిచిన వైనం

మా ఊరి పేరు చెప్పగానే చాలామంది కాజీపేట రైల్వే జంక్షను అనుకుంటారు. మాది కాసిపేట. మంచిర్యాల జిల్లాలో, సింగరేణి సంస్థవారి మందమర్రి ప్రాంతపు గనుల సమీపంలో ఉన్న మండల కేంద్రం. ఒక ప్రక్క బొగ్గు బాయిలు, మరొక ప్రక్క దేవాపూర్ సిమెంటు కర్మాగారం, చుట్టుప్రక్కల గోండు, కొలాం గూడేలు. మంథనిలో గురువుగారి సన్నిధిలో పదేళ్ళు శుశ్రూష చేసి, ఈ ఊరికి వచ్చి వైద్యం ఆరంభించి నలభై ఏళ్ళు కావస్తున్నది. బాయి పనివారి నడుము నొప్పులు, మోకాళ్ళ వాపులు, దగ్గు, ఉబ్బసం, రాత్రి షిఫ్టుల వల్ల కలిగే నిద్రలేమి, ఇవే నిత్యం నా ముందుకు వచ్చే బాధలు. వీటితోపాటు పక్షాఘాతం. మన ఇళ్ళలో పక్షవాతమనీ, కాలూ చెయ్యీ పడిపోయిందనీ చెప్పుకునేది ఈ వ్యాధినే.

పక్షాఘాతం అనగానే పాఠకులు నా వంటి వాని నుండి తైలాలను గురించి, కషాయాలను గురించి వినగోరుతారు. వాటికి చోటు ఉన్నది. వ్యాసం చివర చెబుతాను. ముందుగా చెప్పవలసినది ఒక యంత్రాన్ని గురించి, దానిని పరీక్షించిన విధానాన్ని గురించి. ఆయుర్వేద వైద్యునికి ఈ ప్రసంగం ఎందుకని అడిగేవారికి నా జవాబు ఈ క్రింది సంఘటన.

నేను చేసిన పొరపాటు

2019 కార్తీకమాసంలో ఒకనాడు తెల్లవారుజామున 5 గంటల వేళ మా వాకిట ఆటో ఆగింది. పదవీ విరమణ చేసిన ఒక గని కార్మికుణ్ణి ఆయన కుమారుడు మోసుకుని లోపలికి తెచ్చాడు. "బాపు మూతి వంకర పోయింది అయ్యగారూ! మాట వస్తలేదు. కుడి చెయ్యి లేస్తలేదు. మీ మీదనే భారం" అన్నాడు. ఆ కుటుంబం ఇరవై ఏళ్ళుగా నన్ను నమ్మినది. ఆ నమ్మకంతోనే ఆసుపత్రికి పోయే దారి వదిలి నా ఇంటికి వచ్చారు.

నేను నాడి చూశాను. వాతప్రకోపమని నిర్ణయించాను. తైలం రాయించి కాపడం పెట్టించాను. సాయంత్రం దాకా చూద్దామన్నాను. మధ్యాహ్నం 3 గంటలకు ఆయనకు మగత కమ్మింది. అప్పుడు గాని నాకు భయం పుట్టలేదు. హైదరాబాదుకు పంపించాను. సుమారు 250 కిలోమీటర్ల దారి. చేరేసరికి రాత్రి 9 దాటింది. అక్కడి వైద్యులు స్కాను తీసి, మెదడుకు ఎడమవైపు పోయే పెద్ద ధమనిలో నెత్తురు గడ్డ అడ్డుపడి ఉన్నదని, ఉదయమే వచ్చి ఉంటే తీసివేయడానికి ప్రయత్నించేవారమని, ఇప్పుడు ఆ భాగం చాలావరకు చనిపోయినందున గడ్డను తీసినా మేలు కలగదని, పైగా రక్తస్రావం కావచ్చునని చెప్పారు.

ఆయన మరి నాలుగేళ్ళు మంచం మీద, మాట లేకుండా జీవించారు. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదు. నెలనెలా వచ్చి తైలం తీసుకుని వెళ్ళేది. నేను ఇచ్చేవాణ్ణి. ఆమె ముఖం వైపు చూడడం నాకు కష్టంగా ఉండేది.

గడ్డను తీయడమంటే ఏమిటి, ఆ మాట ఎంతవరకు నిజం అని నేను తెలుసుకోవడం మొదలుపెట్టినది ఆ తరువాతనే.

వ్యాధి స్వరూపం

సుశ్రుతాచార్యుడు నిదానస్థానంలో పక్షాఘాతాన్ని వర్ణిస్తూ, కేవల వాతం వలన కలిగినది మిక్కిలి కష్టసాధ్యమనీ, ఇతర దోషాలతో కూడినది సాధ్యమనీ, ధాతుక్షయం వలన కలిగినది అసాధ్యమనీ విభజించాడు. అనగా పక్షాఘాతాలన్నీ ఒక్కటి కావని ఆనాడే గుర్తించారు.

నేటి వైద్యశాస్త్రం మరొక విభాగం చేసింది. మెదడుకు నెత్తురు తీసుకొనిపోయే ధమనిలో గడ్డ అడ్డుపడి, ఆవలి భాగానికి ఆహారం అందకపోవడం ఒకటి. ధమని చిట్లి నెత్తురు మెదడులోకి కారడం రెండవది. మొదటిదే ఎక్కువమందిలో కనిపిస్తుంది. మొదటి దానికి గడ్డను కరిగించే మందు అమృతం. రెండవ దానికి అదే మందు విషం. ఈ రెండింటినీ నాడి పట్టి వేరు చేయడం నా వల్ల కాదు. నా గురువుగారి వల్ల కూడా అయ్యేది కాదని ఆయన పాదాలకు నమస్కరించి చెబుతున్నాను. వెలుపలి లక్షణాలు రెండింటిలోను ఒకటిగానే ఉండవచ్చును. తల స్కాను ఒక్కటే ఆ భేదాన్ని నిశ్చయంగా తెలుపుతుంది.

ఇక కాలం సంగతి. పెద్ద ధమని మూసుకుపోయినప్పుడు మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్క కట్టాడు. మన పెద్దల లెక్కలో ఒక గడియ అంటే 24 నిమిషాలు. గడియకు సుమారు నాలుగున్నర కోట్ల కణాలు. నేను ఆ కార్మికుణ్ణి మా ఇంట ఉంచుకున్నది ఇరవై అయిదు గడియలు.

శల్యోద్ధరణం: కొత్త యంత్రం

శరీరానికి, మనస్సుకు బాధ కలిగించే దేనినైనా శల్యమని మన శాస్త్రం అంటుంది. శల్యాన్ని బయటికి తీయడానికి సుశ్రుతుడు 101 యంత్రాలను చెప్పి, వాటన్నిటిలోను చేయి ప్రధానమన్నాడు. ధమనిలో ఇరుక్కున్న గడ్డ కూడా ఒక శల్యమే. కాని అక్కడికి చేయి పోదు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. గజ్జలో గాని, మణికట్టులో గాని ధమనిలోకి సన్నని గొట్టాన్ని ప్రవేశపెడతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ దానిని మెడ మీదుగా మెదడులోని ధమని వరకు నడిపిస్తారు. అందులోనుంచి ఇంకా సన్నని గొట్టాన్ని గడ్డను దాటించి, ముడిచిపెట్టిన ఒక లోహపు జాలిని అక్కడ విడుస్తారు. నికెల్, టైటానియం కలిపి చేసిన ఆ లోహానికి తన రూపం తనకు గుర్తుంటుంది. విడిచిన వెంటనే జాలి విచ్చుకుని గడ్డలో అల్లుకుంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, గొట్టం ద్వారా లోపలి నెత్తురును పీల్చుతూ జాలిని గడ్డతో సహా వెనుకకు లాగివేస్తారు. స్టెంట్ రిట్రీవర్ అని దీనికి పేరు. గుండె జబ్బులో వేసే స్టెంట్ లోపలే ఉండిపోతుంది. ఇది పని ముగించుకుని బయటికి వచ్చేస్తుంది.

పరీక్ష అంటే ఏమిటి?

గురువాక్యం ఆప్తోపదేశం. అది శిరోధార్యం. అయితే చరకాచార్యుడు అక్కడితో ఆగలేదు. ప్రత్యక్షం, అనుమానం, యుక్తి అనే మరి మూడు పరీక్షలను కూడా చెప్పాడు. సుశ్రుతుడు శిష్యునికి శస్త్రం ఇచ్చే ముందు గుమ్మడికాయ, సొరకాయల మీద కోయడం, మృతజంతువుల సిరల మీద గుచ్చడం అభ్యాసం చేయించమన్నాడు. ఈ యంత్రాలను కూడా ముందుగా కృత్రిమ ధమనుల మీద, జంతువుల మీద పరీక్షించి, ఆ తరువాతనే మనుష్యుల దగ్గరికి తెస్తారు. అసలైన పరీక్ష అక్కడ ఆరంభమవుతుంది.

గడ్డ తీసే మొదటి యంత్రానికి అమెరికా ప్రభుత్వం 2004లో అనుమతి ఇచ్చింది. దాని పేరు మెర్సీ. సీసా బిరడాను లాగే మరవలె మెలికలు తిరిగిన తీగ అది. తరువాత సాలిటేర్ అనే జాలి యంత్రం వచ్చింది. 113 మంది రోగులలో ఈ రెండింటినీ పోల్చి చూసిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. రక్తస్రావ ఉపద్రవం లేకుండా ధమని తెరుచుకున్నది మెర్సీతో నూటికి 24 మందిలో, సాలిటేర్‌తో 61 మందిలో. కొత్త యంత్రం గెలిచినట్లే కదా!

కాని 2013లో మూడు పెద్ద పరీక్షల ఫలితాలు ఒకేమారు వెలువడ్డాయి. ధమనిలోకి వెళ్ళి చికిత్స చేసినవారు, మందుతోనే చికిత్స పొందిన వారికంటె మెరుగుగా లేరని తేలింది. గడ్డ వస్తున్నది, మనిషి లేవడం లేదు. ఎందువలన? వాటిలో ఎక్కువగా వాడినవి పాత యంత్రాలు. పెద్ద ధమని మూసుకున్నదో లేదో ముందుగా చూడకుండానే కొందరిని చేర్చుకున్నారు. చికిత్స మొదలయ్యేసరికి ఆలస్యమైంది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఈ పరీక్షలలో చివరి ప్రశ్న గడ్డ వచ్చిందా అన్నది కాదు. 90 రోజుల తరువాత ఆ మనిషి ఎలా ఉన్నాడు అన్నది. దానికి ర్యాంకిన్ మాపకం అనే కొలమానం ఉన్నది. సున్న అంటే ఏ బాధా లేదు. ఆరు అంటే మరణం. రెండు, అంతకు లోపు వస్తే తన పనులు తాను చేసుకోగలడు, ఒకరిమీద ఆధారపడడు అని అర్థం. తన అన్నం తాను కలుపుకుని తింటున్నాడా, స్నానానికి తానే వెళుతున్నాడా, ఇంటి ఖర్చులు తాను చూసుకుంటున్నాడా? మన ఇళ్ళలో రోగిని చూడవచ్చినవారు అడిగే ప్రశ్నలే అవి.

ఓటమి నుండి నేర్చుకుని పరీక్షను సరిదిద్దారు. నెదర్లాండ్స్‌లో 16 ఆసుపత్రులు కలిసి 500 మందిని తీసుకున్నాయి. పెద్ద ధమని మూసుకున్నదని చిత్రంలో నిర్ధారించుకుని, 6 గంటలలోపు చికిత్స ఆరంభించగలిగిన వారినే చేర్చాయి. 2015లో ప్రకటించిన ఫలితం ఇది: స్వతంత్రంగా బ్రతకగలిగినవారు మామూలు చికిత్సతో నూటికి 19 మంది, గడ్డను తీయడంతో 33 మంది. అదే సంవత్సరంలో మరి నాలుగు పరీక్షలు ఇదే దారిలో నిలిచాయి. ఈ అయిదింటిలోని 1,287 మంది లెక్కలను కలిపి 2016లో చూసినప్పుడు 26కు బదులు 46 మంది తమ కాళ్ళమీద తాము నిలబడ్డారని తేలింది. 2018లో మరొక పరీక్ష, ప్రత్యేక చిత్రాల ద్వారా మెదడులో ఇంకా బ్రతికి ఉన్న భాగం ఉన్నదని కనుగొన్న కొందరిలో 24 గంటల వరకు కూడా గడ్డ తీయడం మేలు చేస్తుందని చూపింది. ఇది అందరికీ వర్తించదు. మా కార్మికునికి 24 గంటలు నిండలేదు, అయినా బ్రతికిన భాగం మిగలలేదు.

నూటికి 46 మంది అన్నప్పుడు మిగిలిన 54 మందిని కూడా తలచుకోవాలి. గడ్డ తీసినా లేవనివారు, మరణించినవారు ఉన్నారు. ఇది సంజీవని కాదు. కాని మన చేతిలో ఉన్నవాటిలో ఇంత బలమైన సాక్ష్యం ఉన్న అత్యవసర చికిత్సలు తక్కువ.

మన దేశంలో జరిగిన పరీక్ష

పై పరీక్షలన్నీ ముఖ్యంగా పాశ్చాత్య దేశాలవి. మనవారి ధమనులు వేరుగా ఉంటాయా? కొంతవరకు అవునని చెప్పాలి. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సుభాష్ కౌల్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడికి వచ్చిన పక్షాఘాత రోగులలో పెద్ద ధమనుల ఇరుకే ముఖ్య కారణంగా కనిపించింది. అందులోను కపాలం లోపలి ధమనుల ఇరుకు ఎక్కువ. పాశ్చాత్యులలో మెడలోని ధమనుల ఇరుకు, గుండె నుండి కొట్టుకువచ్చే గడ్డలు ఎక్కువ. కొట్టుకువచ్చిన గడ్డను లాగడం ఒక ఎత్తు. ముందే ఇరుకైన ధమనిలో పుట్టిన గడ్డను లాగడం మరొక ఎత్తు. కావున యంత్రాన్ని మనవారిలో పరీక్షించడం వ్యర్థమైన పని కాదు.

అటువంటి పరీక్ష ఒకటి ఇటీవల జరిగింది. గ్రావిటీ మెడికల్ టెక్నాలజీ అనే సంస్థ తయారుచేసిన సూపర్‌నోవా అనే జాలి యంత్రాన్ని మన దేశంలో 8 కేంద్రాలలో పరీక్షించారు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఇందులో ముందు నిలిచింది. అక్కడి డాక్టర్ శైలేష్ గైక్వాడ్ దీనికి ప్రధాన పరిశోధకులలో ఒకరు. గ్రాస్‌రూట్ అని ఈ పరీక్షకు పేరు పెట్టారు. ఫలితాలు 2025లో ప్రచురితమయ్యాయి. ఆ సంవత్సరమే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రానికి అనుమతి ఇచ్చింది.

పరీక్షలో పాల్గొన్నవారు 32 మంది. 90 రోజుల తరువాత వారిలో సగం మంది స్వతంత్రంగా తమ పనులు చేసుకోగలిగారు. ప్రమాదకరమైన రక్తస్రావం నూటికి 3.1 వంతు, మరణాలు 9.4 వంతు. ఈ వంతులను మనుష్యులుగా మార్చి చూస్తే 16 మంది కోలుకున్నారు, ఒకరికి రక్తస్రావమైంది, ముగ్గురు మరణించారు.

ఈ అంకెలను చూసి పొంగిపోనక్కరలేదు, తీసివేయనూ వద్దు. 32 మంది చిన్న సంఖ్య. వారితో పోల్చడానికి యంత్రం వాడని మరొక వర్గం ఈ పరీక్షలో లేదు. గడ్డను తీయడం మేలని 2015 నాటి పెద్ద పరీక్షలే నిరూపించాయి. ఆ పనిని ఈ కొత్త యంత్రం మనవారిలో క్షేమంగా చేయగలదా అన్నదే ఇక్కడి ప్రశ్న. చేయగలదని తొలి సాక్ష్యం లభించింది. ఇకపై వందలమందిలో వాడినప్పుడు కనిపించేదే దానికి అసలు ఒరగల్లు.

రెండవమారు

2024 వేసవిలో ఒక గని కార్మికుని భార్యను ఆమె అల్లుడు మా ఇంటికి తీసుకువచ్చాడు. జొన్నరొట్టె చేస్తుండగా చేతిలోని పిండిముద్ద జారిపోయిందట, మాట ముద్దగా వస్తున్నదట. నేను వారిని కూర్చోనివ్వలేదు. "ఎన్ని గంటలకు బాగున్నది?" అని అడిగాను. ఏడు దాటి పది నిమిషాల దాకా మంచిగనే ఉన్నదని చెప్పాడు. ఆ వేళను ఒక కాగితం మీద వ్రాసి అల్లుని జేబులో పెట్టి, వెంటనే వాహనం ఎక్కించాను. కరీంనగర్‌లో స్కాను తీసి, రక్తస్రావం లేదని చూసి, గడ్డ కరిగించే మందు ఇచ్చారు. అక్కడి నుండి హైదరాబాదుకు పంపగా మధ్యాహ్నానికి గడ్డను తీశారు.

మూడు నెలల తరువాత ఆమె తానే నడిచి మా ఇంటికి వచ్చింది. ఇప్పటికీ గిన్నె అనబోయి గంటె అంటుంది. తానే నవ్వుకుని దిద్దుకుంటుంది. ఆమె ఒక్కతె కోలుకోవడం శాస్త్రానికి ప్రమాణం కాదు. ఆ కార్మికుడు కోలుకోకపోవడమూ కాదు. ప్రమాణం ఆ 1,287 మంది లెక్క. కాని ఈ ఇద్దరిలో ఒకరు మా ఇంట ఇరవై అయిదు గడియలు ఉన్నారు, మరొకరు పావు గడియ కూడా లేరు. ఆ భేదం నా చేతిలోనిది.

గృహస్థులు చేయవలసినవి

1. మూతి ఒక ప్రక్కకు వంగినదా, రెండు చేతులు ఎత్తితే ఒకటి క్రిందికి జారుతున్నదా, మాట తడబడుతున్నదా చూడండి. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కలిగినా పక్షాఘాతమనే భావించవలెను. హఠాత్తుగా తూలి పడడం, ఒక కంటి చూపు పోవడం కూడా దీని లక్షణాలే.

2. రోగి చివరిసారి బాగా ఉన్న వేళను వ్రాసిపెట్టండి. వైద్యులు మొదట అడిగేది అదే. నిద్రలో వచ్చినట్లయితే పడుకోబోయిన వేళను, రాత్రి మధ్యలో లేచి ఉంటే ఆ వేళను చెప్పవలెను.

3. వెంటనే 108కి ఫోన్ చేసి, తల స్కాను ఉన్న ఆసుపత్రికే చేర్చమని అడగండి. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపు, అనగా పదకొండు గడియలలోపు ఇవ్వవలెను. పెద్ద ధమనిలోని గడ్డను తీయడానికి 6 గంటలలోపు మిక్కిలి శ్రేష్ఠం. ఆలస్యమైనదని మానుకోవద్దు, నిర్ణయం అక్కడి వైద్యులది.

4. వాడుతున్న మందుల చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు గాని, సింగరేణి వైద్య కార్డు గాని ఒకే సంచిలో ముందే సిద్ధంగా ఉంచండి. ఈ చికిత్స ఖర్చు లక్షలలో ఉంటుంది. మీ కార్డు ఎక్కడ, ఎంతవరకు చెల్లుతుందో ఆరోగ్యంగా ఉన్న నాడే విచారించి ఉంచుకోవలెను.

5. లక్షణాలు పది నిమిషాలలో తగ్గిపోయినా ఆసుపత్రికి పోవలెను. అది రాబోయే పెద్ద దెబ్బకు ముందు సూచన కావచ్చును.

చేయకూడనివి

నోట్లో నీళ్ళు, సోడా, కషాయం, తేనె ఏదీ పోయరాదు. మ్రింగే శక్తి తగ్గి ఉంటుంది కనుక అది ఊపిరితిత్తులలోకి పోతుంది. ముక్కులో పసరు పిండరాదు. సూదితో వేళ్ళు గుచ్చరాదు. స్కాను కాకముందు ఆస్పిరిన్ మాత్ర వేయరాదు. రక్తపోటును ఇంట్లో తగ్గించబోవద్దు. తైలమర్దనం కోసం గాని, మంచి ఘడియ కోసం గాని ఆగరాదు. నా వంటి వైద్యుని ఇంటి ముందు ఆటో ఆపరాదు. ఆపినా, ఆ వైద్యుడు వెంటనే పంపివేయవలెను.

మన వైద్యానికి చోటు ఎక్కడ?

వ్యాధికి ముందు, వ్యాధికి తరువాత. రక్తపోటు, మధుమేహం, పొగాకు, మద్యం, నిద్రలేమి ఈ వ్యాధికి దారి వేస్తాయి. ఉప్పు తగ్గించడం, బీడీ మానడం, నడక, వేళకు భోజనం, వేళకు నిద్ర, ఇవి దినచర్యలో మనవారు ఏనాడో చెప్పినవే. రక్తపోటు మాత్రను మాని లేహ్యం తింటామనేవారు నా దగ్గరికి తరచుగా వస్తారు. నేను ఒప్పుకోను. లేహ్యం కావాలంటే మాత్రతోపాటు, ఆ వైద్యునికి చెప్పి తినవలెను.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత నెలల తరబడి సాగే కాలం ఉన్నది. అప్పుడు ఫిజియోథెరపీ వారు చెప్పిన వ్యాయామాలు విధిగా చేయించాలి. వాటితోపాటు, చికిత్స చేసిన వైద్యుల అనుమతితో గోరువెచ్చని తైలంతో మృదువైన అభ్యంగం, కాపడం చేయించవచ్చును. బిగుసుకుపోయిన కండరానికి హాయి కలుగుతుంది, ఇంటివారి చేయి తగిలినందువలన రోగికి ధైర్యం కలుగుతుంది. చరకుడు చెప్పిన స్నేహ స్వేదాలను నేను నేటికీ ఆ సమయంలోనే వాడుతున్నాను. గడ్డ కదలవలసిన తొలి గడియలలో వాడను.

మందులు కట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికి ఇప్పుడు పొట్లంతోపాటు ఒక చిన్న కాగితం ఇస్తున్నాను. అందులో మూతి, చేయి, మాట అనే మూడు మాటలు, వాటి క్రింద 108 అనే అంకె, వేళ వ్రాసుకోవడానికి కొంత ఖాళీ చోటు ఉంటాయి. పాఠకులు కూడా అటువంటి కాగితం ఒకటి వ్రాసి, వంటింటి తలుపు వెనుక క్యాలెండరు ప్రక్కన అంటించుకోవలెనని నా ప్రార్థన.